సర్వీసులో తగిలిన గాయానికి డిజెబిలిటీ పింఛను: తిరస్కరణ లేఖ వచ్చాక ఏం చేయాలి

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. మీ అన్నయ్య ఆర్టిలరీలో హవల్దార్‌గా చేసి 2022లో రిటైరయ్యారు. యూనిట్ బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లో మోకాలి లిగమెంటు తెగింది, ఆపరేషన్ అయింది, మెడికల్ కేటగిరీ డౌన్ అయింది, అంటే ఫిట్‌నెస్ శ్రేణి తగ్గించారు. కొన్నేళ్లకు బీపీ కూడా మొదలైంది. ఇంటికి పంపే ముందు పరీక్షించే రిలీజ్ మెడికల్ బోర్డు వైకల్యం మోకాలికి 20 శాతం, బీపీకి 30 శాతం వేసి, రెండింటికీ ‘ఎన్‌ఏఎన్‌ఏ’ అని రాసింది. అంటే సర్వీసు వల్ల వచ్చిందీ కాదు, సర్వీసు వల్ల ముదిరిందీ కాదు అని. ఆ తర్వాత తిరస్కరణ లేఖ వచ్చింది. ఆయన దాన్ని పెట్టెలో పెట్టేసి వదిలేశారు. ఇప్పుడు ఏమైనా చేయొచ్చా, లాయర్‌ని పెట్టుకోవాలా అని అడిగారు.

చేయొచ్చు. లాయర్ సంగతి తర్వాత. ముందు కాగితాలు తెప్పించాలి. నేను సర్వీసంతా క్లర్కుగానే చేశాను, సుబేదార్‌గా దిగాను. దిగాక కూడా మాజీ సైనికుల పింఛను కాగితాలతోనే నా కాలం గడుస్తోంది. ఇలాంటి కేసుల్లో చాలామంది చేసేది ఒకటే. తిరస్కరణ లేఖ చూసి కోపంతోనో బాధతోనో నాలుగు పేజీల అర్జీ రాస్తారు. దేశానికి ఇన్నేళ్లు సేవ చేశాను, నాకు అన్యాయం జరిగింది అని రాస్తారు. అందులో ప్రతి మాటా నిజమే. కానీ అవతల ఫైలు చూసే మనిషికి కావలసింది అది కాదు. బోర్డు ఏ కారణంతో కాదంది, ఆ కారణం ఎందుకు తప్పు, దానికి రుజువేమిటి, ఈ మూడే కావాలి. లేఖలో ఆ కారణం సరిగా ఉండదు, బోర్డు ప్రొసీడింగ్స్‌లో ఉంటుంది. అందుకే మొదటి పని ఆ ప్రొసీడింగ్స్ కాపీ చేతిలోకి తెచ్చుకోవడం.

రిలీజ్ మెడికల్ బోర్డు రాసే ఫారం పేరు ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-16. అంతకుముందు కేటగిరీ డౌన్ చేసినప్పుడు, ఆ తర్వాత రివ్యూ చేసినప్పుడల్లా నింపేది ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-15. మీ అన్నయ్యకు ఈ రెండో రకం ఒకటికి మించి ఉంటాయి. అన్నీ కావాలి. వాటితో పాటు మోకాలి గాయం రిపోర్టు, అంటే ఐఏఎఫ్‌వై-2006 ఫారం, దాని మీద కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ (సైన్యం లోపలి విచారణ) జరిగి ఉంటే ఆ కాగితాలు, ఆసుపత్రి కేస్ షీట్, చేర్పించినప్పటి, డిశ్చార్జి చేసినప్పటి పార్ట్ టూ ఆర్డర్లు (సర్వీసు రికార్డులోకి ఎక్కించే యూనిట్ ఉత్తర్వులు) కావాలి. ఆర్టిలరీ వాళ్ల రికార్డ్స్ నాసిక్ రోడ్ క్యాంపులో ఉన్నాయి. అక్కడి సమాచార అధికారికి సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల పోస్టల్ ఆర్డర్ పెట్టి దరఖాస్తు చేయండి. ఒక జాగ్రత్త ఉంది. దరఖాస్తు మీ పేరుతో పెడితే వైద్య వివరాలు మూడో మనిషికి ఇవ్వలేమని తిప్పి పంపుతారు. మీరు రాసిపెట్టినా సంతకం ఆయనదే ఉండాలి. ఆర్మీ నంబరు, ర్యాంకు, డిశ్చార్జి తేదీ, పీపీఓ (పింఛను మంజూరు ఉత్తర్వు) నంబరు వేయాలి. డిశ్చార్జి బుక్ జిరాక్సు జతచేయాలి.

కాపీలు వచ్చాక ఎక్కడ చూడాలో చెబుతాను.

ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-16లో ప్రతి వైకల్యానికీ ఎదురుగా అది ఏ తేదీన, ఏ ఊళ్లో, ఏ యూనిట్‌లో ఉండగా మొదలైందో రాసే గడులు ఉంటాయి. ఇంకో చోట ‘ఈ వైకల్యం సర్వీసులో చేరకముందు ఉందా’ అన్న ప్రశ్న ఉంటుంది. దాదాపు ఎప్పుడూ ‘లేదు’ అనే రాసి ఉంటుంది. ఆ ‘లేదు’ మీ అన్నయ్యకు చాలా విలువైనది, ఎందుకో కింద వస్తుంది. ఆ తర్వాత సర్వీసు వల్ల వచ్చిందా, సర్వీసు వల్ల ముదిరిందా, సంబంధం లేదా అన్న గడి, దాని పక్కన కారణం రాసే చోటు. ఈ కారణం ఒక్క వాక్యమే ఉంటుంది, కొన్నిసార్లు అదీ ఉండదు. బీపీ కేసుల్లో ఎక్కువగా కనిపించే వాక్యం ‘పీస్ స్టేషన్‌లో మొదలైంది, ఫీల్డ్ సర్వీసు ఒత్తిడితో దగ్గరి కాల సంబంధం లేదు’ అని. పీస్ స్టేషన్ అంటే సరిహద్దు, పోరు ప్రాంతాలకు దూరంగా ఉండే మామూలు పోస్టింగు. గాయాల కేసుల్లో ‘ఇంజురీ రిపోర్టు లేదు’ అని ఉంటుంది. ఆ వాక్యాన్ని కొట్టడానికే మీ అప్పీలంతా.

తర్వాత పాత ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-15లను దీని పక్కన పెట్టి చదవండి. మోకాలికి మొదటిసారి కేటగిరీ డౌన్ చేసిన బోర్డు ‘యూనిట్ గేమ్స్‌లో గాయం, సర్వీసు వల్ల వచ్చిందే’ అని రాసి ఉండొచ్చు. ఏళ్ల తర్వాత రిలీజ్ బోర్డు అదే మోకాలికి ‘సంబంధం లేదు’ అనేసి ఉండొచ్చు. ఇది అరుదేమీ కాదు. గాయమైన రోజుల్లో రాసిన మాటను పక్కన పెట్టి, ఇంటికి వెళ్లే ముందు రాసిన మాటనే ఎందుకు నమ్మాలని అడగడానికి మీకు గట్టి ఆధారం దొరికినట్టే.

ఆ బోర్డు రోజు ఎలా ఉంటుందో కుటుంబాలకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. మనిషికి డిశ్చార్జి తేదీ వచ్చేసి ఉంటుంది. సామాను సర్దుకోవడం, పిల్లల టీసీలు, రైలు టికెట్లు, బుర్ర నిండా అవే. ఆసుపత్రి వరండాలో వరుసలో నిలబడతాడు. ఫారంలో సంతకం చేయాల్సిన చోట పెన్సిల్‌తో గుర్తు పెట్టి ఇస్తారు. ఆ గుర్తుల దగ్గర సంతకాలు పెట్టి వచ్చేస్తాడు. ఏ గడిలో ఏం రాశారో చదివేవాళ్లు బహు తక్కువ. అడిగితే డిశ్చార్జి ఆగుతుందేమోనని భయం. మీ అన్నయ్య కూడా అలాగే సంతకం పెట్టి ఉంటే ఆయన్ని ఏమీ అనకండి. సంతకం పెట్టినంత మాత్రాన బోర్డు అభిప్రాయానికి ఒప్పుకున్నట్టు కాదు. అప్పీలు హక్కు అలాగే ఉంటుంది.

ఇప్పుడు మోకాలు, బీపీ విడివిడిగా.

మోకాలి కేసు బలమైనది. పై అధికారులు ఏర్పాటు చేసిన లేదా అనుమతించిన ఆటల్లో పాల్గొనడాన్ని పింఛను నిబంధనలు డ్యూటీగానే చూస్తాయి. యూనిట్ మ్యాచ్ అయితే డ్యూటీలో ఉన్నట్టే. కాబట్టి తేల్చాల్సింది ఒక్కటే, గాయం ఆ మ్యాచ్‌లోనే తగిలిందా లేదా. ఇంజురీ రిపోర్టు ఉంటే ఇక మాట్లాడే పనే లేదు. లేదంటే ముందు అప్పటి యూనిట్‌కు రాయండి, ఆఫీసు కాపీ అక్కడ ఉండొచ్చు. అక్కడా దొరక్కపోతే కేస్ షీట్ మొదటి పేజీ చూడండి. ఎమర్జెన్సీలో తీసుకున్నప్పుడు డాక్టర్ రాసుకునే నాలుగు ముక్కల్లో ‘గేమ్స్ ఆడుతూ పడ్డాడు’ అని ఉంటే అదే సాక్ష్యం. ఆ రోజు మ్యాచ్ ఆడినవాళ్లు ఇద్దరు ముగ్గురితో నోటరీ అఫిడవిట్లు తీసుకోండి. పాత బ్యాటరీ (ఆర్టిలరీలో కంపెనీ లాంటి దళం) వాళ్ల వాట్సాప్ గ్రూపు తప్పకుండా ఉంటుంది, అక్కడ అడిగితే ముందుకొస్తారు. అఫిడవిట్‌లో తేదీ, స్థలం, ఎవరు ఎవరితో ఆడారు, ఎవరు ఎత్తుకుని ఆసుపత్రికి తీసుకెళ్లారు అనేవి ఉండాలి. ‘మంచి మనిషి, కష్టపడి పనిచేశాడు’ లాంటివి వద్దు.

సెలవులో తగిలిన గాయాల గురించి చాలామంది అడుగుతారు కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. డ్యూటీ చోటు నుంచి ఇంటికి, ఇంటి నుంచి డ్యూటీకి చేసే ప్రయాణానికి రక్షణ ఉంది. క్యాజువల్ లీవులో సొంత డబ్బుతో ప్రయాణిస్తూ రైలు దగ్గర ప్రమాదంలో చేయి పోగొట్టుకున్న మదన్ సింగ్ షెఖావత్‌కు 1999లో సుప్రీంకోర్టు పింఛను ఇప్పించింది. ఇంటికి చేరాక సొంత పనుల్లో తగిలిన దెబ్బకు మాత్రం కష్టం. సెలవులో అక్కచెల్లెలి ఇంటి మెట్ల మీద నుంచి పడిన విజయ్ కుమార్ కేసులో 2015లో అదే కోర్టు సర్వీసుతో సంబంధం లేదని తేల్చింది. ఈ రెండింటి మధ్య మీ సంగతి ఎక్కడుందో నిజాయితీగా చూసుకోవాలి. గాయం ఒక చోట తగిలితే ఇంకో చోట తగిలినట్టు రాయించకండి. కేస్ షీట్ బయటకొచ్చిన రోజున నిజమైన మిగతా క్లెయిము కూడా అనుమానంలో పడుతుంది.

బీపీ దగ్గర పని ఎక్కువ. జబ్బుల విషయంలో బోర్డు అభిప్రాయానికి బరువు ఎక్కువ. దాన్ని ఎదుర్కోవడానికి మనకున్న పెద్ద ఆధారం 2013 జులై 2న సుప్రీంకోర్టు ధరమ్‌వీర్ సింగ్ కేసులో ఇచ్చిన తీర్పు. ఆయన 1985లో సిగ్నల్స్‌లో చేరారు, మూర్ఛ జబ్బు కారణంగా 1994లో బయటకు పంపారు. బోర్డు 20 శాతం వేసి, సర్వీసుతో సంబంధం లేదంది, కారణం మాత్రం రాయలేదు. కోర్టు చెప్పింది ఇదీ: చేర్చుకునేటప్పుడు ఆ జబ్బు గురించి ఏమీ రాయకపోతే, ఆ మనిషి ఆరోగ్యంగానే చేరాడని అనుకోవాలి. తర్వాత ఆరోగ్యం చెడితే అది సర్వీసు వల్లే అని భావించాలి. కాదని నిరూపించే భారం ప్రభుత్వానిది. చేరినప్పుడు ఆ జబ్బును కనిపెట్టడం సాధ్యం కాదని బోర్డు అనుకుంటే దానికి కారణాలు రాయాలి. సందేహం ఉంటే ఆ లాభం సైనికుడికే. ఫారంలో ‘సర్వీసుకు ముందు లేదు’ అన్న జవాబు విలువైనదని పైన అన్నది ఇందుకే.

అయితే ఈ తీర్పు పేరు రాసి ఊరుకుంటే సరిపోదు. బీపీ మొదలైన తేదీకి ముందు మూడు నాలుగేళ్లు ఆయన ఎక్కడెక్కడ ఉన్నారో వరుసగా రాయండి. కాగితంలో ‘పీస్ స్టేషన్‌లో మొదలైంది’ అని ఉన్నా, ఆ స్టేషన్‌కు అంతకు కొద్ది నెలల ముందే హై ఆల్టిట్యూడ్ నుంచో తీవ్రవాదులతో పోరు నడిచే కౌంటర్ ఇన్సర్జెన్సీ ప్రాంతం నుంచో వచ్చి ఉండొచ్చు. బీపీ ఒక్క రోజులో రాదు. ఏదో పరీక్షలో బయటపడిన తేదీని మొదలైన తేదీగా రాసేస్తారు. పోస్టింగుల పట్టిక పక్కన ఏటా జరిగిన మెడికల్ పరీక్షల రీడింగులు పెడితే ఎప్పటి నుంచి పెరుగుతూ వచ్చిందో కనబడుతుంది. సర్వీసంతా నిజంగా పీస్ స్టేషన్లలోనే గడిచి ఉంటే, బరువు, కుటుంబంలో బీపీ లాంటివి కూడా కాగితాల్లో ఉంటే, ఆ భాగం ఓడిపోవచ్చు. ఆశ పెట్టి చెప్పడం నాకు ఇష్టం లేదు.

కానీ డబ్బు లెక్క చూస్తే అది పెద్ద దెబ్బ కాదు. వైకల్యం కనీసం 20 శాతం ఉండాలి, సర్వీసుతో సంబంధం ఉండాలి. అప్పుడు బ్రాడ్ బ్యాండింగ్ అని ఒక పద్ధతి ఉంది: 50 కంటే తక్కువ ఎంతున్నా 50గా, 50 నుంచి 75 వరకు 75గా, ఆపైన 100గా లెక్కేస్తారు. పూర్తి సర్వీసు చేసి మామూలుగా రిటైరైనవాళ్లకు ఇది వర్తించదని ఒకప్పుడు అనేవారు. 2014 డిసెంబర్ 10న రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు వాళ్లకూ వర్తిస్తుందని తేల్చేసింది. కాబట్టి మోకాలి 20 శాతం ఒక్కటి ఒప్పుకున్నా అది 50 అవుతుంది. రెండూ ఒప్పుకుంటే బోర్డు వేసిన ఉమ్మడి శాతం చూడాలి. 20, 30 కలిపి 50 అని మనం కూడుకోకూడదు, ఉమ్మడి శాతం సాధారణంగా కూడికకంటే తక్కువ వేస్తారు. అది 50 లోపే ఉంటే బీపీ నెగ్గినా నెగ్గకపోయినా చేతికొచ్చే మొత్తం ఒకటే. అందుకే అప్పీలులో మోకాలిని ముందు పెట్టి, దానికే ఎక్కువ చోటు ఇవ్వమంటాను.

ఎంతొస్తుందంటే, 100 శాతానికి డిజెబిలిటీ ఎలిమెంట్ చివరి జీతంలో 30 శాతం. మీ అన్నయ్య చివరి బేసిక్ 40,000, మిలిటరీ సర్వీస్ పే 5,200 అనుకుందాం. మొత్తం 45,200. అందులో 30 శాతం 13,560. ఆయనకు 50 శాతం లెక్కన నెలకు 6,780, దాని మీద డీఆర్ (పింఛనుదారులకిచ్చే కరువు భత్యం). ఇప్పుడు వస్తున్న సర్వీసు పింఛనుకు ఇది అదనం. యుద్ధంలోనో శత్రువుతో జరిగిన పోరులోనో గాయపడినవాళ్లకు వార్ ఇంజురీ ఎలిమెంట్ అని వేరేగా, ఇంకా ఎక్కువగా ఉంటుంది. మీ కేసు అది కాదు.

ఇక గడువుల సంగతి. తిరస్కరణ లేఖ వచ్చిన ఆరు నెలల్లో మొదటి అప్పీలు పెట్టాలి. రికార్డ్ ఆఫీసు ద్వారా అది ఆర్మీ హెడ్‌క్వార్టర్స్‌లోని మొదటి అప్పీళ్ల కమిటీకి వెళుతుంది. అక్కడా కాదంటే మళ్లీ ఆరు నెలల్లో రెండో అప్పీలు. ఆ తర్వాత ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్. మీ అన్నయ్యకు మొదటి గడువే దాటిపోయింది. అయినా అప్పీలు పెట్టండి, ఆలస్యాన్ని మన్నించమని ఒక పేరా రాయండి. అందులో ఉన్నది ఉన్నట్టు రాయండి: అప్పీలు హక్కు గురించి ఎవరూ చెప్పలేదు, బోర్డు కాగితాలు చేతికి ఇవ్వలేదు, ఫలానా తేదీన సమాచార హక్కు ద్వారా అందాయి. గడువు దాటిందని వాళ్లు తోసేస్తే ఆ జవాబే ట్రిబ్యునల్‌కు వెళ్లడానికి పనికొస్తుంది. ఆరు నెలలు గడిచినా జవాబు రాకపోతే, కింది దారులన్నీ వాడుకున్నట్టే చట్టం లెక్కేస్తుంది, నేరుగా ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్లకు అది చెన్నై బెంచ్.

ఆలస్యం వల్ల హక్కు పోదు, బకాయి పోతుంది. తర్సేమ్ సింగ్ అనే సైనికుణ్ని 1983లో వైకల్యంతో పంపేస్తే ఆయన 1999లో హైకోర్టుకు వెళ్లారు. సుప్రీంకోర్టు 2008లో చెప్పిందేమిటంటే, పింఛను రాకపోవడం ప్రతి నెలా జరిగే తప్పు కాబట్టి ఆలస్యమైనా కేసు వినొచ్చు, బకాయిలు మాత్రం కేసు వేసిన తేదీకి ముందు మూడేళ్ల వరకే. అంటే ఇక మీదట మీరు ఊరుకునే ప్రతి నెలా 6,780 రూపాయలు చేజారిపోవచ్చు. సంక్రాంతి తర్వాత చూద్దాం, పెళ్లి అయ్యాక చూద్దాం అనుకోవద్దు.

లాయర్ విషయానికొస్తే, రెండు అప్పీళ్లకూ అవసరం లేదు. తేదీల వారీగా జరిగింది, బోర్డు రాసిన కారణం, దానికి మీ జవాబు, జతచేసిన కాగితాల పట్టిక, రెండు మూడు పేజీలు చాలు. ఇంగ్లీషులో రాయడం కష్టమైతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి. 2025 జులైలో జాతీయ న్యాయ సేవల సంస్థ నల్సా మొదలుపెట్టిన వీర్ పరివార్ పథకం కింద సైనిక బోర్డుల్లో ఉచిత న్యాయ సహాయ క్లినిక్‌లు పెడుతున్నారు, మీ జిల్లాలో ఉందేమో అడగండి. ట్రిబ్యునల్ దాకా వెళితే మాత్రం ఇలాంటి కేసులు రోజూ వాదించే వకీలు ఉండటం మేలు. ఫీజు ముందే ఒక మొత్తంగా మాట్లాడుకోండి. వచ్చిన బకాయిలో సగం ఇస్తే చాలు, ఇప్పుడేమీ వద్దు అనేవాళ్ల దగ్గరికి పోకండి. అసలు కాగితాలు, ఖాళీ కాగితాల మీద సంతకాలు ఎవరి చేతికీ ఇవ్వకండి. కాళ్లు సరిగా ఆడని మనుషుల డబ్బు అలా పోవడం చూస్తే కడుపు రగులుతుంది.

ఇది చదివే మిగతావాళ్లకు కొన్ని మాటలు. 2023 సెప్టెంబర్ 21 తర్వాత బయటకొచ్చినవాళ్లకు కొత్త ఎంటైటిల్‌మెంట్ రూల్స్ వర్తిస్తాయి, పైన చెప్పింది యథాతథంగా వాడుకోకండి, ఆ రూల్స్ ముందు పెట్టుకుని అప్పీలు రాయండి. సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ లాంటి దళాల వాళ్ల దారి వేరు, వాళ్లకు సివిల్ ఉద్యోగుల ఎక్స్‌ట్రార్డినరీ పెన్షన్ రూల్స్ వర్తిస్తాయి, ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్ వినదు. అగ్నివీరులకు పింఛను లేదు, సర్వీసు వల్ల వైకల్యం వస్తే 50, 75, 100 శాతాలకు వరుసగా 15, 25, 44 లక్షల ఎక్స్‌గ్రేషియా ఉంది. వాళ్లకూ ఇంజురీ రిపోర్టు అంతే ముఖ్యం. ఇప్పుడు సర్వీసులో ఉన్నవాళ్లు, చిన్న దెబ్బే కదా అని ఇంజురీ రిపోర్టు రాయించకుండా వదలకండి. రాయించాక ఫోన్‌లో ఫొటో తీసుకుని ఇంటికి పంపండి. బెణుకు అనుకున్నది పదిహేనేళ్ల తర్వాత మోకాలి ఆపరేషన్ కావచ్చు, అప్పటికి ఆ యూనిట్ నాలుగు చోట్లు మారి ఉంటుంది.

అప్పీలు నెగ్గితే కొత్త పీపీఓ రక్షణ శాఖ పింఛన్ల స్పర్శ్ పోర్టల్‌లో కనబడుతుంది. అందులో శాతం 20 అని కాకుండా 50 అని ఉందా, డిజెబిలిటీ ఎలిమెంట్ జీవితాంతం అని ఉందా, మొదలయ్యే తేదీ ఏది, ఈ మూడూ చూసుకోండి. తప్పుంటే వెంటనే గ్రీవెన్స్ వేయండి. ప్రస్తుతానికి ఈ వారంలో సమాచార హక్కు దరఖాస్తు స్పీడ్ పోస్టులో వేసి రసీదు దాచండి. కాగితాలు వచ్చాక ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-16లో ఆ కారణం గడిలో ఏం రాశారో, మొదటి ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-15లో ఏం రాశారో, పేరూ నంబరూ తీసేసి ఇక్కడ రాయండి. అప్పీలు ముసాయిదా నేను చూసి పెడతాను.